ప్రాణాపాయమునకు రెండు తూనికలా?

గర్భవతియగు స్త్రీ రక్తస్రావముచేతనో, రక్తపోటుచేతనో ప్రాణముమీదికి తెచ్చుకొన్నప్పుడు గర్భమును తొలగించియైనను ఆమెను బ్రతికింపవలెనని ఒప్పుకొనుటకు నేడు మనలో వెనుదీయువారు మిక్కిలి అరుదు. కాని ఆ స్త్రీయే మనస్సు చెదరి, ఈ గర్భము నిలిచినచో నేను నిలువనని వైద్యునితో చెప్పుకొన్నప్పుడు ఆ మాటను ప్రాణాపాయముగా లెక్కింపరాదనువారు చట్టసభలలోను, న్యాయస్థానములలోను, ఇంటి అరుగులమీదను కోకొల్లలుగా నున్నారు. ఆత్మహత్యాభయము రోగము కాదనియు, అది చట్టమును వంచించుటకు కనిపెట్టిన మిష యనియు, దానికి తలయొగ్గినచో ఇక హద్దు పద్దు లుండవనియు వారి వాదము. పెద్దమనుషుల నోట వినవచ్చుటచేతను, కరుణారసమును పూసికొని వచ్చుటచేతను ఈ వాదమునకు ఒక గౌరవము లభించినది. ఆ గౌరవమునకు అది తగదని నా నిశ్చయము.

ఈ చర్చకు మా గుణదలకంటె తగిన స్థలము వేరొకటి లేదనిపించును. 1924లో ఫాదర్ ఆర్లాటి గారి పూనికతో మేరీమాత ప్రతిమ వెలసిన కొండ ఇచ్చటనే యున్నది. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో కులమతభేదము లేక లక్షలమంది జనులు కొబ్బరికాయలతోను, తలనీలాల మ్రొక్కులతోను ఆ మెట్లెక్కుదురు. వారిలో బిడ్డలకొరకు మ్రొక్కువారును కలరు, బిడ్డ పుట్టుటకు భయపడి మ్రొక్కువారును కలరు. రెండవ తెగవారు తమ మ్రొక్కును పైకి చెప్పరు, అంతే భేదము. ఆ కొండకు కూతవేటు దూరముననే సిద్ధార్థ వైద్యకళాశాలయు, 1986లో ఏర్పడిన ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయమును ఉన్నవి. ధర్మము చెప్పువారును, దేహము చూచువారును ఇంత దగ్గరగా నివసించు ఊరిలో నుండి, రెండు పక్షములవారి మాటలును చిరకాలముగా వినుచు వచ్చిన పిమ్మటనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట మన చట్టమెట్లు పుట్టినదో చూడవలెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 312వ సెక్షను ప్రకారము, తల్లి ప్రాణరక్షణార్థము సద్బుద్ధితో చేసినది తప్ప తక్కిన గర్భస్రావమంతయు నేరమే యయ్యెను. ఆ నేరమున గర్భిణియు శిక్షార్హురాలే యయ్యెను. 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఈ శాసనము క్రింద మంత్రసానుల చేతులలోను, నాటువైద్యుల చేతులలోను నశించిన స్త్రీల సంగతి విచారించి, 1966లో తన నివేదిక సమర్పించెను. దాని ననుసరించి 1969లో రాజ్యసభకు బిల్లు వచ్చిన కాలమున కేంద్ర ఆరోగ్యశాఖలో మంత్రిగా నుండినవాడు మన రాజమహేంద్రవరమున జన్మించిన జనాభాశాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్. జనసంఖ్యను అదుపు చేయవలెనను తలంపు ఆయనకు లేదనుట సత్యము కాదు. ఆయన వ్రాతలన్నియు దానినే ఘోషించుచున్నవి. అయినను 1971లో చట్టమై, 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఆ శాసనమున జనాభాకంటె లోతైన మాట యొకటి చేరినది: గర్భము కొనసాగుటవలన స్త్రీ శారీరకారోగ్యమునకే గాక మానసికారోగ్యమునకు తీవ్రహాని కలుగునని తోచినను వైద్యుడు గర్భమును తొలగింపవచ్చునని. అంతటితో నాగక, బలాత్కారమువలన గాని, సంతాననిరోధక సాధనము విఫలమగుటవలన గాని కలిగిన గర్భముచే స్త్రీ పడు వేదననే అట్టి హానిగా భావింపవచ్చునని వివరణ సైతము జోడింపబడినది. స్త్రీ యొక్క మనస్సు కూడ దేహములోనిదే యని మన పార్లమెంటు 1971లోనే ఒప్పుకొన్నది.

ఒప్పుకొన్నది గాని, దారి పొడుగున ఆ మాట నిలుపుకొనలేదు. 2020 మార్చిలో లోక్‌సభయు, 2021 మార్చి 16న రాజ్యసభయు ఆమోదించిన సవరణచట్టమును చూడుడు. ఇరువది వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. ఇరువది నుండి ఇరువదినాలుగు వారములవరకు, నియమములలో పేర్కొన్న కొన్ని తరగతుల స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము కావలెను. ఆ తరగతులలో బాలికలు, బలాత్కారమునకు గురియైనవారు, భర్త మరణించుటచే గాని విడాకులచే గాని స్థితి మారినవారు, మానసికరోగులు ఉన్నారు. ఇరువదినాలుగు వారములు దాటెనా, గర్భస్థశిశువునకు గణనీయమైన వైకల్యమున్నదని వైద్యమండలి చెప్పినచోట కాలపరిమితియే లేదు. తల్లి మనస్సు ముక్కలగుచున్నచోట మాత్రము తలుపు మూత! శిశువు అవయవలోపమునకు తెరచుకొను ద్వారము తల్లి ప్రాణభయమునకు తెరచుకొనదు. ఆ వైద్యమండలిలో స్త్రీవైద్యనిపుణుడు, శిశువైద్యనిపుణుడు, స్కానింగు చూచు నిపుణుడు ఉండితీరవలెనని చట్టము పేరుపెట్టి చెప్పినది. మానసికవైద్యుని పేరు అందులో లేదు. ఈ మండళ్లనుగూర్చి రాజ్యసభలో కొందరు సభ్యులు ఆక్షేపణలు తెలిపిరి. బిల్లును ఎంపిక సంఘమునకు పంపవలెననిరి. ఆ ప్రతిపాదన మూజువాణి ఓటుతో వీగిపోయినది.

ఇక మిగిలినది అయిదవ సెక్షను. స్త్రీ ప్రాణమును కాపాడుటకు తక్షణము అవసరమైనచో, వారముల లెక్కతో నిమిత్తము లేక, ఒక్క వైద్యుడే గర్భమును తొలగింపవచ్చునని ఆ సెక్షను చెప్పుచున్నది. ప్రాణమనగా నేమి? శరీరము తనంతట తాను ఆగిపోవుట మాత్రమే మరణమా? చట్టము ఆ భేదమును పాటింపలేదు. దానిని పాటించుచున్నవారు చట్టమును చదువువారు.

2023 అక్టోబరున సర్వోన్నత న్యాయస్థానమునకు ఇద్దరు బిడ్డల తల్లి యొకతె వచ్చెను. రెండవ కాన్పు తరువాత ఆమెకు ప్రసవానంతర మనోవ్యాధి సోకినది, మందులమీద నుండెను. బిడ్డకు పాలిచ్చుచుండుటచే ముట్టు రాకపోవుట సహజమనుకొని, మరల నెల తప్పిన సంగతి చాలకాలము తెలిసికొనలేకపోయెను. తెలిసినపిమ్మట, ఆత్మహత్యాచింతలు తన్ను వెన్నాడుచున్నవని విన్నవించుకొనెను. అక్టోబరు 9న ఇరువురు న్యాయమూర్తులు అనుమతించిరి. మరునాడే ఎయిమ్స్ వైద్యులనుండి వచ్చిన లేఖమీద కేంద్రప్రభుత్వము పునర్విచారణ కోరెను. 11వ తేదీన ఆ ఇరువురే భిన్నాభిప్రాయులైరి. అంతకుముందు తెలంగాణ హైకోర్టునకు ప్రధానన్యాయమూర్తిగా నుండి వెళ్ళిన జస్టిస్ హిమా కోహ్లీ మనస్సు మార్చుకొనిరి. స్త్రీ నిర్ణయమును మన్నింపవలెనని జస్టిస్ నాగరత్న తన తొలి తీర్పునకే కట్టుబడిరి. 16వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, గర్భము 26 వారములు దాటినదనియు, తల్లి ప్రాణమునకు తక్షణప్రమాదము లేదనియు చెప్పి త్రోసిపుచ్చినది. మరుసటి జనవరిలో ఢిల్లీ హైకోర్టు, భర్త చనిపోయిన కొలదినెలలకే తీవ్రవిషాదమున మునిగి, ఆత్మహత్యాచింతలున్నవని మానసికవైద్యులచేతనే నిర్ధారింపబడిన ఒక యువతికి 29 వారములప్పుడు అనుమతి నిచ్చి, మూడు వారములు తిరుగకుండ ప్రభుత్వము కోరినమీదట ఉపసంహరించుకొనెను; 31వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము కూడ ఆమె మొరను కాదనెను. న్యాయమూర్తుల సద్భావమును నేను శంకింపను. అడుగవలసినది ఒక్కటే: ఎక్లాంప్సియాతో మూర్ఛలు వచ్చుచున్న స్త్రీని చూచి, మూర్ఛలో మరణించు వరకు తక్షణప్రమాదము లేదని ఎవరైన నందురా?

మిష యనువారి వాదమును దగ్గరనుండి పరీక్షింతము. ఏ ప్రభుత్వాసుపత్రి మానసికవైద్య విభాగముననైన ఒక్క పూట కూర్చున్నచో కనబడు దృశ్యమిది. ఏడవ నెల గర్భిణి ఓపీ చీటీ అంచును వ్రేళ్లతో నలుపుచు బల్లచివర కూర్చుండును, ప్రక్కన అత్తగారు. "ఏమ్మా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని వైద్యురాలు అడుగును. కోడలు నోరు విప్పకమునుపే అత్తగారి జవాబు వచ్చును: "పడుతోందండీ, రెండో కాన్పు గదా మేడమ్‌గారూ, కాస్త బెదురు, అంతే." అనుభవముగల వైద్యురాలు ఏదో నెపమున, చీటీమీద ముద్ర వేయించుకొని రమ్మని, ఆ పెద్దావిడను వెలుపలికి పంపును. అప్పుడు ఆ పిల్ల తలయెత్తకుండ, "పడట్లేదండి. నేను లేకపోతేనే పెద్దోడికి మంచిదేమో అనిపిస్తోందండి" అనును. ఆ మాట అందరి యెదుట చెప్పదలచి వచ్చినది కాదు; దాచదలచి, దాచలేకపోయినది. మన ఇండ్లలో ఆత్మహత్యాచింత పైకి చెప్పుకొనుటకు వీలైన వస్తువు కాదు. ఒక్కసారి కాగితముమీద మనోవ్యాధి యని పడినచో, రేపు ఆ కాగితమే హిందూవివాహచట్టము క్రింద విడాకులకు సాధనము కావచ్చును. బిడ్డను తల్లికి అప్పగింపరాదనుటకు సాక్ష్యము కావచ్చును. చెల్లెలి సంబంధము చెడవచ్చును. ఇంత మూల్యము చెల్లించి మిష పన్ను స్త్రీ ఎక్కడ నున్నదో, ఆ వాదులు చూపవలెను. నవ్వే ఆడదానిని నమ్మరాదని మన సామెత చెప్పినది. ఏడ్చు ఆడదానిని సైతము నమ్మరాదని ఈ పెద్దలు దానికి అనుబంధము వ్రాసిరి.

ఇంకొక వింత వినుడు. 2017 నాటి మానసికారోగ్యచట్టము 115వ సెక్షను ప్రకారము, ఆత్మహత్యకు ప్రయత్నించి బ్రతికిన మనిషి తీవ్రమైన మానసికవత్తిడిలో నుండెనని ప్రభుత్వమే భావింపవలెను, శిక్షింపరాదు, చికిత్స నీయవలెను. ఎంత దయగల శాసనము! కాని ప్రయత్నించినపిదప అడుగకయే నమ్ము రాజ్యము, ప్రయత్నింతునేమోనని భయపడి ముందే వచ్చి చెప్పిన గర్భిణిని నమ్మదు. ఆమెను నమ్మింపవలెనన్నచో ఆమె ఏమి చేయవలెనో ఈ రెండు చట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి తెలియును. అది పైకి అనుటకు నా నోరు రాదు.

గర్భిణుల ఆత్మహత్య ఊహాజనితమైన భయమందురా? మన జాతీయ నేర గణాంక సంస్థ ఏటేట ఆత్మహత్యల కారణములను పట్టికవేసి ప్రచురించు గ్రంథములలో, అప్పులు, రోగములు, కుటుంబకలహములు అను వరుసలతోపాటు, ఏండ్లతరబడి, అక్రమగర్భము అను వరుసయు నుండెను. వివాహిత గర్భిణి చనిపోయినచో ఆమె కుటుంబకలహముల క్రిందనో, కడుపునొప్పి క్రిందనో పోవును; గర్భమను మాట ఆ లెక్కలోనికే రాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2012లో మాతృమరణముల వర్గీకరణను సవరించి, గర్భకాలమునను, ప్రసవానంతరమునను జరుగు ఆత్మహత్యలను ప్రత్యక్ష మాతృమరణములలోనే చేర్పవలెనని సూచించినది. బ్రిటనులో ప్రతి మాతృమరణమును విచారించు వ్యవస్థ, కాన్పైన ఆరువారములు మొదలు సంవత్సరమువరకు సంభవించు ప్రత్యక్షమరణములకు ఆత్మహత్యయే ప్రధానకారణమని మరల మరల తెలిపినది. మన పల్లెలలో ఆశా కార్యకర్త చేతిలోని తల్లీబిడ్డల కార్డున బరువు, రక్తపోటు, హీమోగ్లోబిను వ్రాయుటకు గడులున్నవి. నీ మనసెట్లున్నదమ్మా యని అడుగు అలవాటు మాత్రము మనకు లేదు. అడుగనిదే లెక్కకు రాదు. లెక్కకు రానిదానిని లేనేలేదనుట మిక్కిలి సులభము.

ఈ తలుపు ఒక్కసారి తెరచితిమా, ఇక వరద ఆగదనువారికి, ప్రకాశం బ్యారేజీ దిగువన బ్రతుకు మా వంటివారు చెప్పదగిన మాట యొకటి కలదు: గేట్లెత్తుటచే వరద పుట్టదు, పుట్టిన వరదకు దారి దొరకును, దారి ఈయనిచో కట్టలు తెగును. ఇది ఉపమానము గనుక చాలదనువారికి ఐర్లండు అనుభవము చూపుదును. 1983లో గర్భస్థశిశువు ప్రాణహక్కును తల్లి హక్కుతో సమానముగా రాజ్యాంగమున వ్రాసికొన్న దేశమది. 1992లో పొరుగువానిచే చెరుపబడి గర్భవతియైన పదునాలుగేండ్ల బాలిక ఆత్మహత్యచేసికొందునని చెప్పినప్పుడు, ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఆత్మహత్యాప్రమాదమును ప్రాణాపాయమేనని తీర్పు చెప్పెను. ఆ తీర్పును రద్దుచేయుటకు రెండుమారులు ప్రజాభిప్రాయసేకరణ జరిపిరి: 1992లోను, 2002లోను. రెండుమారులును ప్రజలు కాదనిరి. రెండవమారు సుమారు 10,500 ఓట్ల తేడాతో మాత్రమే. అయినను ఇరువదేండ్లపాటు ఏ ప్రభుత్వమును దానిని చట్టముగా వ్రాయ సాహసింపలేదు. 2012 అక్టోబరు 28న గాల్వే నగర ఆసుపత్రిలో బెళగావికి చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ గర్భవిచ్ఛిత్తి నిరాకరింపబడి, రక్తము విషమయమై మరణించిన పిమ్మట గాని ఆ పార్లమెంటు కదలలేదు. కదలినప్పుడును, రగడ యంతయు ఆత్మహత్యను గూర్చిన తొమ్మిదవ సెక్షనుమీదనే. ఆ సెక్షనున్న బిల్లునకు ఓటు వేయజాలనని లూసిండా క్రైటన్ మంత్రిపదవినే వదలుకొనెను. ఆమె నిజాయితీని మెచ్చుకొనవలసినదే. 2013 జూలైలో దిగువసభ 127–31 ఓట్లతో బిల్లు నామోదించెను. వరద వచ్చునన్నారు గదా, ఏమి వచ్చినది? ఆ చట్టము క్రింద 2014లో జరిగిన గర్భవిచ్ఛిత్తులన్నియు 26. వానిలో ఆత్మహత్యాప్రమాదమను కారణముతో జరిగినవి 3. 2016లో 25కు 1. స్త్రీలు మిషలు పన్నుదురన్న పెద్దల భయమునకు ఆ దేశ ప్రభుత్వమే ప్రచురించిన సమాధానమిది.

ఇక వైద్యమును పురస్కరించుకొని వచ్చు ఆక్షేపణ బలమైనదే. గర్భమును తీసివేయుట మనోవ్యాధికి మందు కాదనియు, ఆలోచనలను మార్చు చికిత్సలున్నవనియు, పగలనక రాత్రియనక పలుకు టెలీ మానస్ 14416 సంఖ్య యున్నదనియు అందురు. అమెరికాలో టర్న్‌అవే యను పేర జరిగిన అధ్యయనము, గర్భవిచ్ఛిత్తి లభించినవారికిని, నిరాకరింపబడినవారికిని అయిదేండ్లలో ఆత్మహత్యాచింతల విషయమున చెప్పుకోదగిన భేదము లేదని తేల్చిన మాట నిజము. కాని ఆ అధ్యయనము వందలాది స్త్రీల సగటును చెప్పుచున్నది. వైద్యుని యెదుట కూర్చున్నది సగటు కాదు. ఆమెకు పేరున్నది, వెనుకటి కాన్పులో వ్యాధి తిరుగబెట్టిన చరిత్ర యున్నది, పనిచేయుచున్న మందున్నది. ఆ మందులలో వాల్‌ప్రోయేటు వంటివి గర్భస్థశిశువునకు హానికరములు. గర్భముకొరకు మందు మార్చవచ్చుననుట సులభమే. కుదుటబడిన రోగికి మందు మార్చుటలో వ్యాధి తిరుగబెట్టు ప్రమాదమున్నదని ఏ మానసికవైద్యుని అడిగినను చెప్పును. చికిత్సను ఎవరు కాదనిరి? చికిత్స చేయుడు, మాటలాడుడు, ఒంటరిగా విడువకుడు. వీనిచే ఆమె కుదుటబడినచో అంతకంటె కావలసినదేమి? ఇవి యన్నియు చేసినపిదపను ప్రమాదము తీరలేదని ఆమె వైద్యుడే చెప్పినప్పుడు ఏమి చేయవలెనన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు బదులుగా ఫోను సంఖ్య నిచ్చి పంపుట సమాధానము కాదు.

మతము పక్షమున మాటలాడువారితో నేను గౌరవముతోనే విభేదింతును. గర్భస్థజీవము పవిత్రమని కొండమీద బోధింతురు. ఆ బోధను నమ్మువారు దానిని తమ జీవితమున పాటించుటకు సంపూర్ణాధికారులు. కాని ఆత్మహత్యాభయమును పాపపు బెదిరింపుగా కొట్టివేయువారు తమ మతమే నడచివచ్చిన దారిని మరచుచున్నారు. ఒకప్పుడు ఆత్మహత్య చేసికొన్నవారికి క్రైస్తవసంస్కారము నిరాకరింపబడెడిది. 1983 నాటి కతోలిక ధర్మస్మృతిలో ఆ నిషేధము లేదు. 1992లో వెలువడిన సత్యోపదేశగ్రంథము, తీవ్రమైన మానసికవికలత ఆ మనిషి బాధ్యతను తగ్గించునని స్పష్టముగా ఒప్పుకొనెను. చనిపోయినదాని విషయమున రోగమని ఒప్పుకొన్న వ్యథను బ్రతికియున్నదాని విషయమున మొండితనమనుట ఏ ధర్మము?

చివరకు నిజముగా కఠినమైన చిక్కు యొకటి మిగులును. దానిని దాటవేయుట నాకిష్టము లేదు. 26, 29 వారములనాటికి శిశువు బయట బ్రతుకగల స్థితికి వచ్చును. అప్పుడు గర్భమును తొలగించుట యనగా నేమి? హృదయస్పందనను ఆపుటయా, ముందుగా ప్రసవింపజేయుటయా? ఎయిమ్స్ వైద్యుల సంకోచము ఇక్కడనే పుట్టినది. ఆ సంకోచమును నేను హేళన చేయను. కాని ఆ స్త్రీలు ఇరువదియారవ వారమున న్యాయస్థానమునకు వచ్చుటకు కారణమెవరు? మనోవ్యాధిగల తల్లి నెలలు లెక్కించుకొనజాలకపోవుట ఆమె నేరమా? అనుమతి నిచ్చి, వెనుకకు తీసికొని, మరల వినుచు కాలము గడపినది ఆమెయా? నెల గడచుకొలది కఠినమగు ప్రశ్నను సాగదీసి, అది కఠినమైనదని ఆమెకే చెప్పుట న్యాయము కాదు. 2021లో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ విజయసేన్‌రెడ్డి, చెరుపబడిన బాలికకు 26 వారముల గర్భమును తొలగింప అనుమతించుచు తల్లి జీవితమునే ముందు నిలిపిరి; ఆనాడు ఆకాశమేమియు విరిగి మీదపడలేదు.

పార్లమెంటు చేయవలసిన పని చిన్నది. ప్రాణమును కాపాడుట యను మాటలో, మానసికరోగముచే కలుగు ప్రాణాపాయమును ఇమిడియున్నదని అయిదవ సెక్షను క్రింద ఒక్క వివరణవాక్యము చేర్చవలెను. వైద్యమండలులలో మానసికవైద్యునికి స్థానమీయవలెను. అయితే ఐర్లండు 2013 చట్టమునుండి ఒక సంగతి మాత్రము తెచ్చుకొనరాదు. శరీరరోగమైనచో ఇద్దరు వైద్యులు చాలునన్న ఆ చట్టము, ఆత్మహత్యాభయమైనచో ఇద్దరు మానసికవైద్యులు, ఒక స్త్రీవైద్యనిపుణుడు, మొత్తము ముగ్గురు ఏకాభిప్రాయమునకు రావలెనన్నది. నూజివీడునుండియో, అవనిగడ్డనుండియో బస్సెక్కి వచ్చిన ఏడవ నెల గర్భిణి, తన మనస్సులోని ఆ మాటను అత్తగారికి తెలియకుండ ముగ్గురు అపరిచితుల యెదుట మూడుమార్లు చెప్పుకొనవలెనన్నచో, మొదటి మారే చెప్పకుండ ఊరికి తిరిగిపోవును.